కిట్ బ్యాగులో మూడో హెల్మెట్ ఏది?

విశాఖపట్నంలో వేసవికీ సంక్రాంతికీ టోర్నమెంట్లు నడిపే కమిటీల వారికి, కోచింగ్ క్యాంపుల కోచ్‌లకు, ఆదివారం టీమ్‌ల కెప్టెన్లకు

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేను గాజువాకలో ఉంటాను. స్టీల్‌ప్లాంట్‌లో 22 ఏళ్లుగా పని చేస్తున్నాను. కుర్రతనంలో నేనూ మీలాగే ఆదివారం తెల్లారేసరికి బ్యాటు భుజాన వేసుకుని గ్రౌండ్‌కి పరిగెత్తినవాణ్ణే. ఆట మానిపించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మావాడికి జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

కిందటి వేసవిలో మా అబ్బాయికి 13 ఏళ్లు. మన విశాఖ కుర్రాడు శ్రీకర్ భరత్ 2023లో నాగ్‌పూర్‌లో ఆస్ట్రేలియా మీద టెస్టు ఆడిన రోజు నుంచి వాడికి కీపింగ్ పిచ్చి పట్టుకుంది. ఇంటి గోడకి టెన్నిస్ బంతి కొట్టి, రెండు చేతులతో పట్టుకోవడమే పని. ఆ ఆదివారం పెద్దవాళ్ల టీమ్ ఒకదానికి కీపర్ రాలేదు. "తమ్ముడూ, నువ్ నిలబడతావా?" అని అడిగారు. వాడికి పండగే అయింది. గ్లవ్స్ ఇచ్చారు, ప్యాడ్లు ఇచ్చారు. టీమ్ కిట్ బ్యాగులో రెండే హెల్మెట్లు ఉన్నాయి. రెండూ బ్యాటింగ్ చేస్తున్నవాళ్ల తలల మీద ఉన్నాయి.

కార్క్ బంతి, మ్యాటింగ్ పిచ్. మీడియం పేసర్ వేస్తుంటే మావాడు వికెట్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. బంతి మ్యాట్ అంచు మీద పడి లేచింది. బ్యాట్స్‌మన్ ఆడబోయి వదిలేశాడు. బంతి నేరుగా వచ్చి మావాడి గడ్డానికి తగిలింది. గడ్డం కింద చర్మం చిట్లి రక్తం కారింది. ఎవరో పసుపు అద్దారు, ఎవరో రుమాలు కట్టారు. బండి మీద దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే నాలుగు కుట్లు వేసి పంపారు. ఇంటికొచ్చాక నేను అన్న మాట ఇది: "ఏటీ కాలేదురా, క్రికెట్ అన్నాక దెబ్బలు మామూలే." ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

కుట్లు ఆరిపోయాయి. కానీ వాడు చెవి నొప్పి అనడం మొదలుపెట్టాడు. చెవిలో వేసే చుక్కలు వాడాం. అసలు విషయం ముందు పట్టుకున్నది మా అమ్మ. "వీడు ముద్ద చిన్నగా కలిపి పెట్టమంటున్నాడేమిట్రా, ఇడ్లీ కూడా గిల్లి గిల్లి తింటన్నాడు" అంది. నోరు తెరవరా అంటే నా వేలు ఒకటీ, దాని పక్కన సగం వేలూ పట్టేంత మాత్రమే తెరుచుకుంది. తెరిచేటప్పుడు గడ్డం కుడిపక్కకి వంకరగా పోతోంది. దెబ్బ తగిలి అప్పటికి 12 రోజులు.

దవడకీ ముఖానికీ ఆపరేషన్లు చేసే సర్జన్ ఒకాయన ఓపీజీ అనే ఎక్స్‌రే తీయించారు. పై దవడ, కింది దవడ మొత్తం ఒకే ఫిల్మ్ మీద కనిపించే ఎక్స్‌రే అది. తర్వాత సీటీ స్కాన్ కూడా చేయించారు. కుడి చెవి ముందు, దవడ కీలు కింద ఉండే సన్నటి మెడలాంటి చోట ఎముక విరిగింది. ఆయన కాగితం మీద గుర్రపు నాడాలాంటి బొమ్మ గీసి చూపించారు. మన కింది దవడ అచ్చం ఆ ఆకారంలో ఉంటుందట. మధ్యలో గడ్డం, రెండు చివర్లలో చెవుల ముందు రెండు కీళ్లు. గడ్డం మీద పడిన దెబ్బ అక్కడే ఆగదు. ఎముక వెంబడి పైకి ప్రయాణించి, చివరికి సన్నగా ఉన్న చోట విరుస్తుంది. అందుకే గడ్డం పగిలిన ప్రతి మనిషికీ చెవుల ముందు నొక్కి చూడాలి, నోరు పూర్తిగా తెరిపించి చూడాలి. మేమంతా రక్తం చూశాం. రక్తం కారని చోట విరిగింది.

పిల్లల్లో ఈ చోటు మరీ సున్నితం. ముఖం కింది భాగం పెరిగేది ఆ కీలు దగ్గరి నుంచే. విరిగినదాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే, నొప్పని నోరు కదపకుండా ఉంటే, కీలు బిగుసుకుపోయి నోరు తెరవలేని స్థితి రావచ్చు. ఒక పక్క ఎదుగుదల ఆగి ముఖం వంకర తిరగవచ్చు. మావాడికి కోత లేకుండా నయం చేశారు. పై పళ్లకీ కింది పళ్లకీ ఎలాస్టిక్ బ్యాండ్లు వేసి పది రోజులు ఉంచారు. జావ, పప్పు నీళ్లు, పాలు, మెత్తగా చేసిన అన్నం తినిపించాం. ఆ తర్వాత మొదలైంది అసలు పని. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, రోజూ నోరు కొంచెం ఎక్కువ తెరవాలి. మొదటిరోజు పుల్లలు పెట్టినప్పుడు వాడి కళ్లలో నీళ్లు ఆగలేదు. నెలల తరబడి చేశాడు. ఇప్పుడు తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయి. ఎవరికైనా ఉండాల్సిన కొలత అదే. అయినా ఎదుగుదల ఆగేవరకు అప్పుడప్పుడూ చూపిస్తూ ఉండాలన్నారు.

ఇక మీతో చెప్పాల్సిన మాట.

మా ప్లాంట్‌లో హెల్మెట్ లేకుండా షాపులోకి, అంటే పని జరిగే షెడ్డులోకి, అడుగు పెట్టనివ్వరు. ఆఫీసరైనా, ఒక్క రోజు పనికి వచ్చిన కుర్రాడైనా, రూల్ రూలే. పైనుంచి ఏదైనా పడుతుందో లేదో అని అక్కడ ఎవరూ లెక్కలు వేయరు. మరి గంటకి వంద కిలోమీటర్లకి పైగా వేగంతో గట్టి బంతి వచ్చే చోట, వికెట్ల వెనక ఒంగి ముఖం ముందుకు పెట్టిన పిల్లవాడికి హెల్మెట్ ఎందుకు లేదు? బ్యాట్స్‌మన్ చేతిలో కనీసం బ్యాటు ఉంటుంది. కీపర్‌కి బంతి బ్యాట్ అంచు తగిలి దారి మార్చుకున్నాక కనిపిస్తుంది. అప్పటికి అతనికి మిగిలే సమయం రెప్పపాటు కూడా కాదు.

బాక్సింగ్ సంగతి చూడండి. మన ఊళ్లో ఆ ఆటకి మంచి పేరుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పతకం తెచ్చి, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న నగిశెట్టి ఉష విశాఖ అమ్మాయే. ఎదుటివాళ్ల ముఖం మీద కొట్టడమే ఆటైన చోట పళ్లకి తొడుక్కునే గమ్‌షీల్డ్ లేకుండా బౌట్ మొదలవ్వదు. ముఖానికి దెబ్బ తగలకూడదని అందరం కోరుకునే ఆటల్లో మాత్రం మనం ఏ అడ్డూ పెట్టం. ఇది నాకు ఎంత ఆలోచించినా అర్థం కాని విషయం.

కీపర్లకు జరిగినవి కొత్త కథలు కావు. 2000లో ఢాకాలో ఆసియా కప్ ఆడుతుండగా కుంబ్లే బంతి కంటికి తగిలి సబా కరీం కెరీర్ దాదాపు అక్కడితో ముగిసింది. 2012లో ఇంగ్లండ్‌లో టాంటన్ గ్రౌండ్‌లో, ఇమ్రాన్ తాహిర్ బౌల్డ్ చేసినప్పుడు ఎగిరిన బెయిల్ దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ కంటికి తగిలింది. హెల్మెట్ లేదు. మళ్లీ అంతర్జాతీయ మ్యాచ్ ఆడలేదు. 1998లో ఢాకాలోనే క్లబ్ మ్యాచ్‌లో బ్యాట్స్‌మన్‌కి బాగా దగ్గరగా, షార్ట్ లెగ్‌లో ఫీల్డింగ్‌కి నిలబడిన రమణ్ లాంబా, ఓవర్‌లో మిగిలినవి కొన్ని బంతులే కదా అని హెల్మెట్ తెప్పించుకోలేదు. దెబ్బ తగిలిన మూడో రోజున చనిపోయాడు. వీళ్లంతా దేశం తరఫున ఆడినవాళ్లు. మన గ్రౌండ్‌లో నిలబడేది తొమ్మిదో తరగతి పిల్లలు.

కుంబ్లే పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 2002 మేలో ఆంటిగ్వాలో మెర్విన్ డిల్లన్ బంతి తగిలి దవడ విరిగినా, తల చుట్టూ కట్టు కట్టుకుని 14 ఓవర్లు వేసి లారాని అవుట్ చేసిన సంగతి ప్రతి గ్రౌండ్‌లోనూ చెప్పుకుంటాం. నేనూ మావాడికి ఎన్నోసార్లు చెప్పాను. ఆ ధైర్యానికి ఎప్పటికీ దండం పెడతాను. కానీ అతను పెద్దవాడు, పక్కన టీమ్ ఫిజియో ఉన్నాడు, దవడ విరిగిందని తెలిసే ఆడాడు, ఆ వెంటనే సర్జరీ కోసం ఇంటికి వచ్చేశాడు. మన పిల్లలకు ఆ కథలో సగమే చెబుతున్నాం. మావాడు కూడా ఆ రోజు ఇంకో నాలుగు ఓవర్లు కీపింగ్ చేస్తానన్నాడు. "కుంబ్లే ఆడాడు కదా నాన్నా" అన్నాడు.

హెల్మెట్ అంటే ఏదో ఒకటి కాదు. పాత హెల్మెట్లలో పై అంచుకీ ముఖం ముందుండే గ్రిల్‌కీ మధ్య సందు ఉండి, బంతి అందులోంచి దూరి ముక్కు, కన్ను, దవడ పగలగొట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే బీఎస్ 7928:2013 అనే ప్రమాణం వచ్చింది. బంతి ఆ సందులోంచి వెళ్లకూడదని పరీక్ష పెట్టారు. పెద్దల బంతికీ పిల్లల చిన్న బంతికీ వేరువేరుగా పరీక్షిస్తారు. లోపల స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. స్క్రూలు వదులైన గ్రిల్, పెద్దవాడి తలకి సరిపోయే హెల్మెట్ పిల్లాడి తల మీద గుండ్రంగా తిరగడం, గడ్డం పట్టీ తెగిపోయి ఉండడం. ఇవన్నీ నేను ఈ ఏడాదిలో గ్రౌండ్ల చుట్టూ తిరిగి నా కళ్లతో చూసినవి.

కబడ్డీ ఆడించే తమ్ముళ్లారా, మీకు హెల్మెట్ కుదరదు, తెలుసు. కానీ రైడర్ చీలమండ పట్టుకోవడానికి డిఫెండర్ కిందకి దూకినప్పుడు అతని ముఖం ఎక్కడ ఉంటుందో ఒకసారి గమనించండి. రైడర్ మోకాలికి, మడమకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఇద్దరు చేతులు పట్టుకుని చైన్‌లా ఒకేసారి మీద పడితే తలా తలా కొట్టుకుంటాయి. ఫుట్‌బాల్‌లో హెడర్‌కి ఎగిరినప్పుడు మోచేతులు, హాకీలో స్టిక్. వీటికి మౌత్‌గార్డ్ ఉంది, బాక్సర్ల గమ్‌షీల్డ్ లాంటిదే. వేడినీళ్లలో ముంచి, కాస్త ఆరాక పళ్లతో కొరికి సరిచేసుకునే రకం స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతుంది. డెంటిస్ట్ మన పళ్ల అచ్చు తీసి చేయించి ఇచ్చేది ఇంకా బాగా సరిపోతుంది, మాట్లాడటానికీ ఊపిరి తీసుకోవడానికీ ఇబ్బంది ఉండదు. ఎదిగే పిల్లలకు పళ్లు మారుతుంటాయి కాబట్టి అది కూడా మారుస్తూ ఉండాలి. తలకి తగిలే దెబ్బని ఇది ఆపుతుందని నేను చెప్పను. పళ్లనీ పెదవినీ కాపాడుతుంది. ఆ మాత్రం చాలా ఎక్కువ.

పళ్ల సంగతి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడ అయిదు నిమిషాల్లో ఎవరైనా ఒక పిల్లవాడికి జీవితాంతం మేలు చేయగలరు. మా తమ్ముడి కొడుక్కి కబడ్డీలో ముందు పన్ను వేరుతో సహా ఊడింది. దుమ్ము అంటిందని ఎవరో కుళాయి కింద బాగా రుద్ది కడిగి, కాగితంలో చుట్టి జేబులో పెట్టారు. డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేసరికి రెండు గంటలు దాటింది. పన్ను ఉంది, కానీ దాని వేరు మీద ఉండే సన్నటి పొర ఎండి చచ్చిపోయింది. ఆ పొర బతికి ఉంటేనే పన్ను మళ్లీ ఎముకని పట్టుకుంటుంది. బయట గంటకి మించి ఎండితే ఆశ చాలా తగ్గిపోతుంది.

చేయాల్సింది ఇదీ. పన్నుని తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోవాలి, వేరుని ముట్టుకోకూడదు. మట్టి ఉంటే కొన్ని క్షణాలు మాత్రం తేలిగ్గా కడిగి, రుద్దకుండా, తిప్పి చూసి సరైన వైపు ఆ గుంటలోనే మళ్లీ పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనాలి. పిల్లవాడు మెలకువలో ఉండి మాట వినగలిగితేనే ఇది చేయాలి. పెట్టడం కుదరకపోతే చల్లని పాలలో వేయాలి. మన ప్రతి గ్రౌండ్ పక్కనా టీ కొట్టు ఉంది, అందులో విశాఖ డెయిరీ పాల ప్యాకెట్ ఉంటుంది. కాచని ప్యాకెట్ ఒకటి అడిగి గ్లాసులో పోసి పన్ను అందులో వేసి పరిగెత్తండి. మంచినీళ్లలో వేయకండి. పాల పళ్లయితే మాత్రం మళ్లీ పెట్టకూడదు, కింద మొలుస్తున్న పన్ను దెబ్బతింటుంది. పాల పన్ను ఊడితే ఇంటిమీదకి విసరడం మన అలవాటు. పెద్ద పన్ను ఊడినా చిన్నప్పటి ఆ అలవాటే మనసులో పనిచేస్తుందేమో అనిపిస్తుంది, పోయింది పోయిందిలే అని వదిలేస్తాం.

దవడకి దెబ్బ తగిలినవాణ్ణి అంపైర్ గానీ కెప్టెన్ గానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "పళ్లు ఎప్పటిలా కలుస్తున్నాయా?" ఈ ఒక్క ప్రశ్న ఆ రోజు మావాణ్ణి ఎవరైనా అడిగి ఉంటే 12 రోజులు పోయేవి కావు. ఎవరి పళ్లు ఎలా కలుస్తాయో వాళ్లకే బాగా తెలుసు. వెంట్రుకవాసి తేడా వచ్చినా నాలుక చెప్పేస్తుంది. కలవడం లేదన్నా, కింది పెదవి మొద్దుబారిందన్నా, నాలుక కింద రక్తం గడ్డకట్టి నల్లగా కనిపించినా, నోరు తెరుస్తుంటే గడ్డం పక్కకి పోతున్నా దవడ విరిగిందనే అనుకుని తీసుకెళ్లండి. ముందుకు వంచి కూర్చోబెట్టండి, రక్తం మింగనివ్వకండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు. స్పృహ తప్పినా, మెడ నొప్పి అన్నా లేపి కూర్చోబెట్టకూడదు. నోట్లో నీళ్లు పోయకూడదు. మెడ కదలకుండా చూస్తూ 108కి ఫోన్ చేయండి. వాంతి, రక్తం గొంతులోకి పోతుంటే తలా ఒళ్లూ కలిపి ఒక్కసారిగా పక్కకి తిప్పండి.

కంటి కింద తగిలితే ఇంకో జాగ్రత్త ఉంది. పెద్దవాళ్లకి వాపు, ఎరుపు కనిపిస్తాయి. పిల్లల్లో ఒక్కోసారి కన్ను తెల్లగా, ఏమీ కానట్టే ఉంటుంది. లోపల మాత్రం కంటి గుంట కింది ఎముక తలుపులా తెరుచుకుని మూసుకుని, కంటిని తిప్పే కండని బిగించేస్తుంది. పైకి చూడమంటే చూడలేడు, వికారం, వాంతులు. దాన్ని వడదెబ్బ అనుకుని మజ్జిగ పట్టించి ఇంట్లో పడుకోబెట్టకండి. ఆలస్యం చేయకుండా కండని విడిపించాలి. ముక్కుకి దెబ్బ తగిలి రెండు రంధ్రాలూ పూర్తిగా మూసుకుపోతే అది కూడా ఆ రోజే చూపించాలి. లోపల గడ్డకట్టిన రక్తం తీయకపోతే మెత్తటి ఎముక చచ్చి ముక్కు మధ్యలో కుంగిపోతుంది.

ఇంకొకటి. సెలవు రోజు ఉదయం మన గ్రౌండ్లలో ఒకే స్థలంలో నాలుగైదు మ్యాచ్‌లు నడుస్తాయి. ఒక మ్యాచ్ కవర్ ఫీల్డర్ వీపు ఇంకో మ్యాచ్ బ్యాట్స్‌మన్ వైపు ఉంటుంది. "బాల్! బాల్!" అని కేక వినపడి వెనక్కి తిరిగేసరికి ముఖమే ఎదురవుతుంది. స్థలం లేదన్నది నిజమే, నాకు తెలుసు. అయినా టోర్నమెంట్ రోజున కార్క్ బంతి, లెదర్ బంతి మ్యాచ్ ఒకటే పెట్టి, మిగతావి టెన్నిస్ బంతితో ఆడించడం మీ చేతిలో ఉన్న పనే.

డబ్బుల మాట వస్తుందని తెలుసు. ఎంట్రీ ఫీజులతో కప్పులు, ఫ్లెక్సీలు, సౌండ్ బాక్సులు, మ్యాన్ ఆఫ్ ద సిరీస్‌కి బహుమతి, అన్నీ సర్దుతున్నారు. మీరంతా సొంత పని మానుకుని, ఎండలో నిలబడి ఇదంతా చేస్తున్నారు. అది చిన్న విషయం కాదు. మీరే లేకపోతే మా పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. కప్పు రెండంగుళాలు తగ్గినా ఎవరూ బాధపడరు. ఆ తేడాతో కీపర్‌కి ఒక హెల్మెట్ వస్తుంది. కమిటీ తరఫున ఒకటి కొని స్కోరర్ బల్ల దగ్గర పెట్టినా చాలు, ఏ టీమ్ కీపింగ్ చేస్తే ఆ టీమ్‌కి ఇవ్వవచ్చు. 16 ఏళ్లలోపు పిల్లవాడు గ్రిల్ హెల్మెట్ లేకుండా వికెట్ల దగ్గర కీపింగ్ చేసినా, దగ్గర ఫీల్డింగ్‌లో నిలబడినా అంపైర్ బంతి వేయనివ్వకూడదు. కబడ్డీకి వచ్చే పిల్లలకు మౌత్‌గార్డ్ ఉందో లేదో బరిలోకి దిగే ముందు నోరు తెరిపించి చూడాలి. గ్రౌండ్‌కి ఎంత దూరంలో ఏ కాజువాలిటీ ఉందో, దవడ చూసే డాక్టర్ ఎవరో ఒక కాగితం మీద రాసి స్కోర్ బోర్డుకి అంటించాలి. పెద్ద ప్రమాదం అయితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉందని అందరికీ తెలుసు. మధ్యరకం దెబ్బకి ఎక్కడికి వెళ్లాలో తెలియకే పిల్లలు పసుపుతో ఇంటికి పోతున్నారు.

మావాడు మళ్లీ గ్లవ్స్ బయటికి తీశాడు. కీలు పూర్తిగా కుదురుకుందని సర్జన్ చెప్పాక, మెత్తటి బంతితో గోడ దగ్గర ఆడనిస్తున్నాను. వాళ్లమ్మకి మాత్రం ఇప్పటికీ బంతి చప్పుడు వింటే టెన్షనే. వచ్చే వేసవి టోర్నమెంట్‌కి పేరు ఇస్తానంటున్నాడు, నేను కాదనలేదు.

మీ ఎంట్రీ ఫారంలో టీమ్ పేరు, కెప్టెన్ ఫోన్ నంబరు, ఆటగాళ్ల జాబితా ఉంటాయి. ఈసారి దాని కింద ఒక్క లైను చేర్చండి: "మా కిట్‌లో కీపర్‌కి గ్రిల్ హెల్మెట్ ఉంది." ఆ లైను ఉన్న ఫారం మీద తండ్రిగా నేను సంతకం పెడతాను. మ్యాచ్ రోజు ఉదయం ఆరింటికే వచ్చి, ఫస్ట్ ఎయిడ్ డబ్బా పట్టుకుని స్కోరర్ పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక కీపర్ తండ్రి